చూడకముందే తాళం

గుత్తి అంచున మేడగది. రాత్రి రెండు.
డిస్కు డ్రైవరు మళ్లీ కూలింది,
పదకొండు వేలసార్లకు ఒకసారి.
పట్టుకుందామని ప్రింటు పెడితే
దొంగపిల్లి మాదిరి కదలదు.

కరెంటొచ్చింది. కింద బోరు కాడికి
టార్చిలైట్లు ఉరుకుతున్నాయి.

పోయినేడు ఇట్లే
మద్దిలేటి చూసినాడు, ఎవరూ లేరు.
సుంకన్న చూసినాడు, ఎవరూ లేరు.
మోటరాడుతుండగా
ఎవరికి వారు పక్కోడి వాల్వు మూసినారు.
పైపు పగిలి
చీనీచెట్ల నీళ్లు రోడ్డెక్కినాయి.
ఇద్దరూ చూసే చేసినారు గదా!
చూపుకూ చేతికీ నడుమ రెప్పపాటు
ఎవరి కాపలాలోనూ లేదు.

నేనూ తాళమేసినా,
బఫరు ఖాళీయా అని చూసినాక.
ఆ ఒక్క వరుస పైకి జరిపినా.

పదకొండు వేలు దాటింది. నమ్మను.
ఇంకో లక్ష తిరగనీ.

వాల్వు కాడ సుంకన్న
బీడీ ముట్టించి
వంతుకు కూర్చున్నాడు.