ఏమీ లేని చోటు

ఆసుపత్రి వెనక ఇనప మూత పక్కకు జరిపి
మురుగులోకి సీసా దించుతాను, తాడు కట్టి.
త్బిలిసిలో మార్చి. కొండల మంచు కరిగి
మ్త్క్వరి నది బురదెక్కింది.
అరవై మూడేళ్లొచ్చాయి; మోకాళ్లు తిట్టుకుంటాయి.
రొట్టెల బండి కుర్రాడు ముక్కు మూసుకుని ఆగుతాడు:
"ఏం జారవిడుచుకున్నావు, మ్జెవినార్ అత్తా?"
ఒక కాలు, అంటాను.
నాది కాదులే.

నాలుగో అంతస్తులో ఒనిసేది.
రైలు పట్టాలు అతికేవాడు. పదకొండు నెలలుగా
అతని మడమ మాత్రం అతుక్కోదు.
చీటీ నిండా మందుల పేర్లు, పద్నాలుగు,
ప్రతి పేరు పక్కనా ఒకటే మాట: లొంగదు.
మొన్న సర్జను మోకాలి కింద నీలి సిరాతో గీత గీశాడు.
ఒళ్లు తుడిచేటప్పుడు అది చెరిగిపోకుండా
నర్సు గుడ్డను చుట్టూ తిప్పింది, జాగ్రత్తగా.

తాడిని తన్నేవాడి తల తన్నేవాడు
ఎక్కడో ఉంటాడంటారు.
ఎక్కడో కాదు. వాడు పారబోసిన నీళ్లలోనే.
కంటికి ఆనడు. బతికున్నాడనీ అనలేం, చచ్చాడనీ అనలేం.
పట్టింపు మాత్రం చెప్పనలవి కాదు:
నూరు వంటకాల బల్ల ముందు కూచుని
ఒక్క గిన్నె కోసమే చూసే మొండి చుట్టం.
ఆ గిన్నె రాకపోతే పస్తు పడుకుంటాడు.

వడగట్టాను. ఒనిసే పుండులో పెరిగేదాన్ని
గాజు పళ్లేల్లో పరిచి, మీద చుక్కలు వేశాను.
రాత్రంతా వెచ్చటి పెట్టెలో.

కరెంటు లేని ఆ పాత చలికాలాల్లో
సీసాలను కోటు లోపల దాచి ఇంటికి తెచ్చేదాన్ని.
బాల్కనీ మంచులో, పుల్లటి ఆల్‌బుఖారా పచ్చడి జాడీ పక్కన
పాతిపెట్టేదాన్ని.
మా అత్తగారు గొణిగేది: "ఇంట్లో పిండి లేదు,
ఈవిడ మురుగును మేపుతోంది."
జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే ఆవిడ లేదు.

పొద్దున పళ్లేలు వెలుతురుకెత్తి చూస్తాను.
మొదటిది మీగడ కట్టినట్టు నిండుగా, తెల్లగా.
రెండోదీ అంతే. మూడు. నాలుగు.
నిండుగా ఉన్నవి చూస్తే నాకు దిగులు;
ఈ ఉద్యోగం అలా చేసింది నన్ను.
ఐదోదానిలో
మీగడ మీద చినుకులు పడ్డట్టు
ఏడు చిల్లులు.
ఏడు చోట్ల ఏమీ లేదు.
ఇంత శుభ్రంగా ఏమీ లేకపోవడం
చర్చిలో కూడా చూడలేదు నేను.

మందు పోసిన పన్నెండో రోజు మడమ అంచున
లేత గులాబి రంగు, గోరంత.
నీలిగీత మీద వెంట్రుకలు మొలిచాయి.
ఒనిసే దుప్పటి తీసి చూపించి నవ్వాడు.
ఏమివ్వాలో తెలియక
దిండు కింది అక్రోట్లు గుప్పెడు ఇచ్చాడు.

ఎదుటి గదిలో పిక్రియా. ట్రాము టిక్కెట్లు కొట్టిన మనిషి.
ఆమె ఊపిరితిత్తుల్లో ఉన్నది వేరే జాతి.
ఆమెవి ముప్పై పళ్లేలు చూశాను.
అన్నీ నిండుగానే ఉన్నాయి.

జేబులో అక్రోట్లు గలగలమంటుంటే
మళ్లీ ఇనప మూత జరుపుతాను.
ఈసారి తాడు
ఇంకొంచెం పొడుగు.