వద్దన్న చప్పుడు

హన్మకొండల ఒక కాలేజీ ఆడిటోరియం, మూడొద్దుల మీటింగు.
పన్నెండు దేశాలోళ్ళు.
నాలుగు మైకులు, రెండు కాలర్ మైకులు,
ఒక మిక్సరు, ఆరు బాక్సులు.
కొత్తవాడ సారంగపాణి సౌండ్స్, ప్రొప్రైటరు నేనే.
అడ్వాన్సు ముట్టింది.

పెండ్లిళ్ళకు, బోనాలకు, ఎలక్షన్లకు ఒర్లిన బాక్సులు
ఇయ్యాల ఎవరూ అరవని చోట నిలబడ్డయి.
వచ్చినోళ్ళంతా మెల్లగ మాట్లాడుతున్నరు,
చెవులతోని బతికేటోళ్ళ తీరు.

పొద్దుగాల ఒక్కటే గుయ్‌మనుడు.
ఎర్త్ సరిగ లేదని పట్టిన.
ఓదెలును తోలి, బిల్డింగు ఎనుక గుంతల
రెండు బకెట్ల నీళ్ళు, గుప్పెడు ఉప్పు పోయించిన.
గుయ్ ఆగింది.
ముప్పై ఏండ్ల సంది నా పని గిదే,
వద్దన్న చప్పుడును ఏరి పారేసుడు
బియ్యంల రాళ్ళు ఏరినట్టు.

మొదలు లేచిన ముసలాయన తెర మీద ఎడారి చూపిచ్చిండు.
తెల్లటి గిన్నెలు, మొఖాలు పైకెత్తి,
వాన పడుతదని వాకిట్ల పెట్టిన గంగాళాల లెక్క.
పక్కనున్న స్టూడెంటు పిల్లగాడు నాకు తెలుగుల చెప్పిండు:
"అరవై కావాలె, ఏడే నిలబడ్డయట.
ఏడింటితోనే వినవట్టిండ్రట.
ఇప్పటిదాంక దొరికినయాట్ల సగం తప్పులే ఉండొచ్చట."
గంత పెద్దాయన, గంతమంది ముందట,
తప్పులుండొచ్చు అన్నడు.
నా బాక్సులల్ల ఆ మాట ఎన్నడూ రాలె.

ఆళ్ళకు పగోళ్ళు ఎవరో కూడ తెలిసింది.
సెల్‌ఫోన్లు, మోటరుబండి ప్లగ్గులు, వెల్డింగు,
కాజీపేటల కరెంటు ఇంజను నెత్తి మీద మెరిసే నిప్పు,
నా కార్డ్‌లెస్ మైకు.
అందరూ నా దిక్కు తిరిగి నవ్విండ్రు.
నేనూ నవ్విన.

రెండో రోజు, పగటన్నం తిని సగం మంది తూగుతాంటే
నొంసా అనే పిల్ల లేచింది. నెత్తికి పసుప్పచ్చ గుడ్డ.
లైట్లు బంద్ చేయించింది.
బాక్సులల్ల,
టక్.
టక్.
టక్.
వైరు లూజైందనుకున్న.
చెయ్యి దానంతటదే వాల్యూమ్ మీదికి పోయింది.
ఆ పిల్ల స్టేజీ మీదికెంచే చెయ్యెత్తి ఏదో అరిచింది.
పిల్లగాడు ఉరికొచ్చి నా మణికట్టు పట్టిండు:
"అన్నా, ముట్టకు. అది నక్షత్రం."

చచ్చిన నక్షత్రమట.
బొంగరం తీరు తిరుగుతాంటదట, తిరిగినప్పుడల్లా ఒక దెబ్బ.
నాకు మటుకు మా నాయన ఇనవడ్డడు,
జంపఖానా నేసుకుంట పంజాతోని పోగులు కొట్టుడు.
చిన్నప్పుడు పక్క అర్రల పండుకొని
ఒక్క దెబ్బ తప్పితే
"నాయినా, పోగు తెగింది" అనేటోణ్ణి.

చీకట్ల లెక్కపెట్టిన.
పద్దెనిమిది కొట్టి ఒకటి మింగింది.
మల్ల పదకొండు. మల్ల ఒకటి లేదు.

చాయ్ టైముల పిల్లగాణ్ణి నడుమ పెట్టుకొని అడిగిన.
ఆ పిల్ల బిస్కెట్ చేతులనే ఆపి నన్ను చూసింది.
"గదే మా పంచాయితి.
నక్షత్రమే ఆగుతాందో, మా తీగలే తెగుతున్నయో తెల్వదు.
వచ్చే ఏడు ఇంకో పది గిన్నెలు లేస్తయి, గప్పుడు చూడాలె."
"ఈడ తెగలే బిడ్డా" అన్న,
"ఎర్త్‌కు ఉప్పునీళ్ళు పోసిన."
పిల్లగాడు దాన్ని ఎట్ల తర్జుమా చేసిండో,
ఆమె కాగితం మీద ఏదో రాసుకున్నది.

మూడో నాడు రాత్రి సామాను ట్రాలీల ఏసుకొని షాపుకొచ్చినం.
రిపేరుకు వచ్చిన పాత రేడియో బల్ల మీద ఉన్నది.
రెండు స్టేషన్ల నడుమ
ఎవరూ మాట్లాడని జాగల ముల్లు ఆపిన.
సుయ్‌మంటాంది.
"స్టేషన్ తగలలేదన్నా" అన్నడు ఓదెలు, వైరు చుట్టుకుంట.
తెల్సు అన్న.
జర సౌండు పెంచిన.