ఎరువు

బేస్‌మెంట్‌లో పద్నాలుగు గంటల ఎండని
రెండు గొలుసులతో వేలాడదీశాను.
బయట డులూత్ ఊరంతా మార్చి మంచు కింద ముడుచుకుంది.
సరస్సు అలిగి తలుపేసుకున్న మనిషిలా
ఇంకా గట్టిగానే ఉంది.

పెరుగు కప్పుల్లో అరవై రెండు వంగ, ఇరవై మిరప,
ఎందుకు పెట్టానో నాకే తెలియని నాలుగు బీర.

విత్తనం తన చద్దిమూట తనే తెచ్చుకుంటుందిట.
మొదటి రెండాకులూ ఆ మూట విప్పుకుని తింటాయిట.
అది అయ్యేదాకా నువ్వేమీ పెట్టకు,
అంది పక్కింటి ఐలా, కంచె మీద చేతులానించి.

విన్నానా?
పురిటి మంచం దగ్గరికి పలావు మోసుకెళ్ళినట్టు
సీసాలో ఉన్నంత పోశాను.
నాలుగో రోజుకి ఆకుల అంచులు
నిప్పు తగిలిన ఉత్తరంలా ముడుచుకున్నాయి.

పగలంతా ల్యాబ్‌లో ఎవరెవరి రక్తాన్నో
చుక్కలో నూరోవంతు దాకా కొలిచే చెయ్యి ఇది.
ఇంటికొచ్చి గరిటెతో వడ్డించింది.

మళ్ళీ నాటాను. ఈసారి నీళ్ళే,
అవీ కింద పళ్ళెంలోంచి, దాహం ఉన్నంతే పీల్చుకునేలా.
అప్పటిదాకా అన్నిటిదీ ఒక్కటే పోలిక.
మూడో ఆకు వచ్చింది, నూగుతో, గరుకుగా.
ఆ రోజు నుంచి వంగ వంగైంది.

ఆ వెంటనే పాలిపోవడం మొదలెట్టింది.

ఐలా జామ్ సీసా ఒకటి తెచ్చింది, పాత పేపర్లో చుట్టి.
వాళ్ళ తమ్ముడు చేపలు పొగబెట్టే కొట్టంలో మిగిలిన
తలలూ, పేగులూ, కాస్త బెల్లప్పాకం,
చలికాలమంతా బకెట్‌లో మగ్గినవి.
"గాలన్ నీళ్ళకి ఒక చెంచా. చెంచా అంటే చెంచా."
ఎంతివ్వాలి అన్నాను.
"సీసా తిరిగిచ్చెయ్, చాలు."

ఎరువు.
మా భాషలో నేలకి వేసేదీ ఎరువే,
పొరుగింట అడిగి తెచ్చుకునేదీ ఎరువే.
ఎరువు సొమ్ము బరువు చేటని సామెత కూడా ఉంది.
ఇదంతా ఆవిడకి ఎక్కణ్ణించి మొదలెట్టి చెప్పాలో తోచక
నవ్వి ఊరుకున్నాను.

మూత తీశానో లేదో
పై నుంచి శేషశాయి కేక.
చేప పేరెత్తినా నోరు పుక్కిలించే వంశం అతనిది.
మూడు రోజులు అగరొత్తులు వెలిగించాడు.
చేపకి మల్లెపూలు ముడిచినట్టయింది ఇల్లు.

నాలుగో రోజు మెట్ల మీద నిలబడి నిజంగానే అడిగాడు:
"ఈ వంకాయలు మనం తినొచ్చా?"
చేపని మట్టి తింది, మట్టిని మొక్క తింటుంది, అన్నాను.
"చేప కాక మట్టి ఇంకా ఏం తింటుంది?"
జవాబు చెప్పలేదు.
అదంతా చెప్పుకుంటూ పోతే
ఇంట్లో ఏ కూరా మిగలదు.

వారానికోసారి, పావు చెంచా.
ఆకు కింద ఊదారంగు తగ్గింది.
రోజూ అరచేత్తో తలలు నిమురుతున్నాను,
ఎప్పుడో తగలబోయే గాలికి ముందే అలవాటు పడాలని.
బీర ఒక్కటీ మొలవలేదు.

సీసా ఆరుసార్లు కడిగాను. వాసన కదల్లేదు.
ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదా,
గుప్పెడు మట్టి వేసి అందులోనే ఒక వంగ నారు నాటాను.

"నేనిచ్చొస్తాలే," అన్నాడు శేషశాయి,
ముక్కు ఒక పక్కకి తిప్పుకుంటూనే.
రెండిళ్ళ మధ్య నలభై అడుగులు,
సరస్సు మీంచి కోసేసే గాలి.
కోటు గుండీ విప్పి సీసాని లోపల పెట్టుకున్నాడు.
కిటికీలోంచి చూస్తున్నాను.
మంచులో తూలుతూ, ఊపిరి బిగబట్టి నడుస్తున్నాడు,
గడ్డం కింద మూడో ఆకు
బయటికి తొంగిచూస్తోంది.