తిన్నవా

హన్మకొండ చౌరస్తల జిరాక్సు పోరడు
మా ఇద్దరి మాటలు అచ్చు తీస్తాండు.
నూట ఎనభై ఆరు పేజీలు.
"అన్నా, అంతా ఒక్కటే ఉంది గద,
తిన్నవా, తిన్న, నువ్వు? ఇంకా లే."
అవును తమ్మీ,
పెండ్లి నిజమేనని గివే చెప్పాలె.

సువార్త కెనడాకు పోయి రెండు మిర్చి సీజన్లు.
ఎనుమాముల యార్డుల కాంట నాది.
బస్తల చెయ్యి పెడితే
తరుగు ఎంత తియ్యాల్నో చెప్త.
మమ్ముల తూసే ఆఫీసరు
ఏ కాంట మీద పెట్టిండో తెల్వది.
పోయిన నెల చూస్తే పన్నెండు నెలలన్నరు,
ఈ నెల పద్నాలుగు.
నడిచినకొద్ది ఊరే జరుగుతాంది.

పోలీసు కాయితం గడువు దాటింది.
ఎక్స్‌రే గడువు దాటింది.
మల్ల హైదరాబాదు, మల్ల అంగీ ఇప్పి
సల్లటి పలకకు ఛాతి ఆనిచ్చిన.
ఊపిరి పట్టుమన్నరు.
పన్నెండేండ్ల మిరప ఘాటు
ఏడ తెల్లగ కనబడ్తదోనని
దగ్గును గూడ పట్టుకున్న.

ఆమెకు రాత్రి డ్యూటీ, నాకు పొద్దటి తూకం.
ఫోన్ల నేను తుమ్మితే
"తేజ దిగిందా యార్డుల?" అని నవ్వుతది.
తర్వాత ఇద్దరం
కొంచెంసేపు ఏం మాట్లాడం.
అది అచ్చుల రాదు.

ఫాతిమానగర్ చర్చి ముంగట దిగిన ఫొటోల
మా మేనత్త కండ్లు మూసుకున్నది.
అది పెట్టాల్నా వద్దా అని
ఏజెంటు రెండ్రోజులు ఆలోచించిండు.

పోరడు కట్ట కట్టి చేతికిచ్చిండు.
అలవాటు పోదు గద,
అరచేతిల ఎత్తి చూసిన.
కిలోకు జర తక్కువ.
తరుగు తియ్యకుంటనే.