అరచేతికి వినిపించేది

ముప్పై ఏండ్లు పిండిమిషను పక్కన నిలబడినాను.
చిత్తూరు సంతపేటలో ఎవుర్నడిగినా చెప్తారు
"మిషను మునెమ్మా? గట్టిగా అరిచి చెప్పు, చెవుడు."

రాగులకు ఒక మోత, బియ్యానికి ఇంకొకటి,
మిరపకాయలకైతే మోతకంటే ముందు తుమ్ములు.
నాకు మొదట పోయింది పిట్టల అరుపు,
తర్వాత పాలబ్బాయి సైకిలు గంట.
ఒకనాడు మా చెల్లెలు ఫోన్లో ఏడుస్తాంటే
నవ్వుతాందనుకుని నేనూ నవ్వినాను.

ఎలకల కోసం తెచ్చుకున్న్యా నూకిని.
ఒళ్ళంతా నూకల రంగు,
తోక కొసన మాత్రం అడుగంటిన సంగటి.
అది నా ఒళ్ళో పడుకున్న మొదటిరోజు
మోటారు ఆపలేదేమోనని
రెండుసార్లు లేచి స్విచ్చి చూసినాను.
ఆ పొద్దు కరెంటే లేదు.
ఆడతా ఉండింది పిల్లి.

"గురగురమంటాంది అవ్వా" అనింది షాహిన్,
గోధుమలు తెచ్చిన పిల్ల, నా చెవిలో నోరు పెట్టి.
"ఎందుకే?"
"ఖుషీగా ఉంటే అట్లంటాది."

ఎదురింటి కుప్పమ్మ ఒప్పుకోలే.
పిల్లికి ఉబ్బసం, ఒళ్ళో పెట్టుకుంటే నీకూ అంటుకుంటాదని
నాకు చెప్పబోయి వీధికంతా చెప్పింది.
పూలు కట్టే వరదయ్యేమో, అది జపం అన్నాడు,
తిన్న ఎలక ఒక్కోదానికి నూటెనిమిది.
నేను ఆలోచించింది వేరే.
దీనికంటూ మనం ఒక మాట పెట్టలేదు.
నిద్రపోయేవాని గుర్రునే అప్పిచ్చినాం,
కండ్లు తెరుచుకుని నన్నే చూసేదానికి.

ఆడికృత్తిక నాడు
కావళ్ళ మేళానికి బెదిరి రోడ్డు మీదికి దూకింది.
ఆటో.
రాగి మూటల సందులో దొరికింది,
వెనక కాలు దాని మాట వినకుండా వేలాడతా.
చెయ్యేస్తే
అదే.
ముందుకంటే గట్టిగా.

ఖుషీ అంట, ఖుషీ!
ఆ పిల్ల మాట గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

పశువులాసుపత్రిలో డాక్టరమ్మది చిన్న వయసు.
నా చెవి సంగతి కనిపెట్టి
మందుచీటీ వెనక రాసి చూపించింది.
నొప్పిలో కూడా అంటాయమ్మా.
ఈనేటప్పుడు అంటాయి, పోయేటప్పుడూ అంటాయి.
ఆ అదురుకు ఎముక అతుక్కుంటుందని కొందరంటారు,
రుజువు కాలేదు.
"రుజువు కాలేదు" కింద గీత గీసింది.
ఆ గీత నాకు నచ్చింది.
తెలిసినంతే చెప్పేవాళ్ళు మా వీధిలో తక్కువ.

చీటీ చివర, చోటు చాలక వంకరగా, ఇంకో మాట.
పుట్టిన పిల్లలకు కండ్లు తెరుచుకోవు, చెవులు తెరుచుకోవు.
తల్లి ఒంట్లో ఆ అదురు పట్టుకునే
పాల దగ్గరికి పోతాయి.

ఆటోలో దాన్ని మళ్ళీ చదివినాను.
నీవా వంతెన కాడ ఇంకోసారి.
చెవులు తెరుచుకోని పిల్లలకు.
అంటే
వినేవాళ్ళ కోసం పుట్టిన చప్పుడు కాదది.
ముప్పై ఏండ్ల మోత పోసుకున్న ఈ చెవులతో
దానికి పనేమీ లేదు.

రాత్రి, కట్టు కట్టిన నూకి నా ఒళ్ళో.
అరచెయ్యి దాని పక్కటెముకల మీద పెట్టినాను.
సంతోషమా, నొప్పా, నన్ను బతికించమనా,
నేనుండానులే అని నాకు చెప్పడమా,
చెయ్యి అడగలేదు.

కొంచేపటికి దాని చెవి ఒకటి నా పక్కకు తిరిగింది.
అప్పుడు తెలిసింది,
నా ఎదురొమ్ములోనూ ఏందో ఆడతాందని.
ఎంతసేపట్నుంచి మూలుగుతాన్నానో, పాడతాన్నానో,
నాకు వినపడదు గదా.

రేపు మిషను తియ్యను.
కుప్పమ్మ వచ్చి ఏమైందని అడిగితే
నువ్వన్నట్టే అయింది కుప్పమ్మా,
అంటుకునింది, అని చెప్తాను.