కుడి టైరు

పుదుప్పేటలో, ఇంజన్ల ఎముకలు గుట్టపోసిన సందులో
పెంచలయ్య మామ వెల్డింగ్ షెడ్డు.
మూర్ మార్కెట్టు కాలిపోకముందు కొన్న
అమెరికా పత్రికలు నాలుగు
గ్యాస్ సిలిండరు వెనక, నూనె మరకలతో.
నాకు పన్నెండేళ్ళు.
ఇంగ్లీషు కూడబలుక్కుని చదివి వినిపిస్తే
పేజీకి ఒక గ్లాసు మసాలా పాలు.

అలా తెలిసింది మా ఇద్దరికీ:
ఇండియానాపొలిస్‌లో మొదట కంకరా తారూ పోశారట.
పెళ్ళలు లేచి మనుషుల్ని మింగితే
ముప్పై రెండు లక్షల ఇటుకలు పరిచారట.
మామ బొగ్గుతో గోడ మీద లెక్కేశాడు,
వాటితో గూడూరులో ఎన్ని ఇళ్ళు లేస్తాయో.
లెక్క తలుపు దాకా పోయి ఆగింది.
తర్వాత ఆ ఇటుకల్నీ తారు కింద పూడ్చేసి
గెలుపు గీత దగ్గర ఒక్క గజం వదిలారు,
బోసినోట్లో మిగిలిన పన్నులా.

కొన్ని ఊళ్ళలో చెక్క ట్రాకులు.
గిన్నె అంచులా వాలిన పలకలు, మేకులు, జారే నూనె.
పైన చక్రాలకు కప్పుల్లేని కార్లు
గంటకు నూరు మైళ్ళ మీద పోతుంటే
ఆ దడదడ కిందే నిలబడి
విరిగిన పలకల్ని బిగించేవాళ్ళు వడ్రంగులు.
ఈ వాక్యం మూడుసార్లు చదివించుకున్నాడు.
"ఆ వడ్రంగుల పేర్లు రాసుండారా మే?"
లేదు మామా. గెలిచినోడి పేరుంది.
"అది ఉంటాదిలే."

మాకు గుండ్రం లేదు.
షోలవరంలో, నెల్లూరు బస్సు పోయే దారిలో,
యుద్ధం వదిలేసి పోయిన రన్‌వే ఉంది.
మలుపంటే రెండు తారు డ్రమ్ములు, నాలుగు గడ్డిమోపులు.
ఫియట్ ఇంజను, జీపు స్టీరింగు,
మామ అతికిన గొట్టాలు.
నడిపేది మాత్రం మిల్లు యజమాని కొడుకు.

ఒక ఆదివారం, జనమంతా పోయాక,
డ్రమ్ములు దొర్లించి దొర్లించి
కోడిగుడ్డు ఆకారం ఒకటి పేర్చాడు.
స్టాప్‌వాచీ నా మెడలో వేసి
తనే ఎక్కాడు.

ఎడమకి. మళ్ళీ ఎడమకి. మళ్ళీ.
గుడి చుట్టూ తిరిగే వైపు కాదది,
కుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరిగే వైపు.
అమ్మ చూసుంటే ఇద్దర్నీ తిట్టేది.
రెడ్‌హిల్స్ వైపు పొద్దు వాలుతోంది.
పదకొండు చుట్లు.
పన్నెండో దాంట్లో పెట్రోలు అయిపోయి
సగం దారిలో నిలబడ్డాడు.
తోసుకొచ్చాం.

ఎంత అని అడుగుతాడనుకున్నా. అడగలేదు.
వంగి, కుడి ముందు టైరు తడిమి చూశాడు.
"తిరిగేది ఎడమకి. తినేసింది దీన్ని."

మిల్లు కొడుక్కి టైరెందుకు పోయిందో
ఆయన ఏం చెప్పాడో నాకు తెలీదు.
నెల తర్వాత ఆ టైరే
చెప్పులు కుట్టించి తెచ్చాడు నాకు,
ఒకటి గాట్లతో, ఒకటి నున్నగా.
మూడేళ్ళు వేసుకున్నాను ఎగ్మూరు బడికి.
వానలో కుడికాలొక్కటే జారేది.