రెండు సున్నాలు

బడి జిమ్ హాల్లో యాభై మడత కుర్చీలు.
మూడు వారాలుగా మా ఊరి కింద నేల ఉడుకుతోంది,
రేవు దారి మూసేశారు.
రెయ్‌క్యావిక్ నుంచి మాకోసం కోచ్‌ని పంపారు,
స్టేన్‌వోర్ అట పేరు.
బోర్డు మీద రెండు సున్నాలు చుట్టింది.
మన చేతిలో ఉన్నవి, లేనివి.
"వచ్చి రాయండి" అంది.

రెండోది ఇట్టే నిండిపోయింది.
కొండ. బ్యాంకు. గాలివాటం.
రొట్టెల కొట్టు మళ్ళీ తెరుస్తారో లేదో.
మొదటిదాంట్లో ఒక పిల్లాడు
"నా బూటు లేసులు" అని రాశాడు.
ఎవరూ నవ్వలేదు.

వలలు అల్లే ఇంగిమర్,
భార్య పోయాక మాటలు పొదుపు చేసినవాడు,
కుర్చీ కీచుమనేలా లేచాడు.
"అమ్మాయీ, వలంటే చాలావరకు కన్నాలే.
నలభై ఏళ్ళు నేను వేసింది ముడులే.
కన్నాలు వాటంతటవే వచ్చాయి."
కూర్చుని ముక్కు చీదుకున్నాడు.

స్టేన్‌వోర్ మార్కర్‌కి మూత పెట్టింది.
కాగితాలు చూసుకుని, మడిచేసింది.
"నాకూ నిద్ర పట్టడం లేదు" అంది.
గంటసేపట్లో ఆమె చెప్పినవాటిలో
నాకు పనికొచ్చింది ఆ ఒక్క మాటే.

అప్పుడు నేల కదిలింది. చిన్నదే.
బాస్కెట్‌బాల్ వల ఊగింది,
కాఫీ కప్పుల్లో అలలు.
కంచె తగువుతో ఏడేళ్ళుగా
నన్ను పలకరించని హ్రెఫ్నా
నా మోచెయ్యి పట్టుకుంది.
కుదుపు ఆగింది.
పట్టు వదల్లేదు.

మొదటి సున్నాలో నేనేం రాయాలో
ఇప్పటికీ తెలీదు.
ఆ పిల్లాడు మాత్రం
నేలమీద కూలబడి,
ఊడిపోని లేసులు విప్పి
మళ్ళీ కట్టుకుంటున్నాడు.